అప్‌డేట్: వానలో బౌలింగ్‌కి వెళ్లొచ్చాం

పోయిన వారం అడిగాను కదా, ఆదివారమంతా వానే అంటున్నారు, ఆరేళ్ల పాపని, మోకాళ్ల నొప్పులున్న అమ్మని తీసుకుని బౌలింగ్‌కి (క్రికెట్‌ది కాదు, బరువైన బంతి దొర్లించి పది పిన్నులు పడగొట్టే ఆట) వెళ్లొచ్చా అని. వెళ్లాం. ముందే ఫోన్ చేసి లేన్, అంటే బంతి దొర్లించే దారి, బుక్ చేసుకోమన్నవాళ్లకి దండం పెట్టాలి, ఎందుకంటే వానకి ఊరంతా అక్కడే ఉంది, బుక్ చేసుకోనివాళ్లు గోడ పక్కన నిలబడి మా స్కోర్ చూస్తున్నారు.

పాపకి 6 పౌండ్ల బంతి, జారుడుబల్లలాంటి ర్యాంప్ ఇచ్చారు, పక్క కాలువలోకి పడకుండా అడ్డుగోడల్లాంటి బంపర్లు లేపారు. బంతి నత్తలా దొర్లుకుంటూ అటు గోడకి తగిలి ఇటు గోడకి తగిలి చివరికి ఏడు పిన్నులు పడేసింది. నేను మగతనం చూపిద్దామని 14 పౌండ్లది తీసుకుని రెండో ఫ్రేముకే, అంటే నా రెండో వంతుకే, బొటనవేలు నొప్పెట్టి 10కి దిగిపోయాను.

ఒక్క విషయం మాత్రం ఎవరూ చెప్పలేదు. అడుగు నున్నగా జారేలా ఉండే బౌలింగ్ బూట్లతోనే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాను, అడుగు తడిసింది. తర్వాత బంతి వేసేటప్పుడు జారాల్సిన కాలు నేలకి అతుక్కుపోయి ముందుకి తూలాను, పళ్లు రాలలేదంతే! వానరోజు తడి సాక్సులూ అంతే ఇబ్బంది, పొడివి ఇంకో జత సంచిలో పెట్టుకోండి.

అమ్మ ఆడనని కూర్చుంది. ఆఖరి ఫ్రేములో పాప బతిమాలితే లేచి, ర్యాంప్ మీంచి ఒక్కసారి తోసింది. స్ట్రైక్, పది పిన్నులూ ఒకే దెబ్బకి. మోకాళ్ల గురించి ఇంటికొచ్చేదాకా ఎత్తలేదు.