ఏమీ తెరవకపోయినా ల్యాప్‌టాప్ నెట్ లాగేస్తోంది, ఎలా కనిపెట్టాలి?

మాది తిరుపతి, భవానీ నగర్. దర్శనం టికెట్లు త్వరగా దొరుకుతాయని ఎవరో చెబితే నాన్న బ్రౌజర్‌లో ఒక ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్) వేసుకున్నారు, అప్పటి నుంచి ఊరికే పెట్టినా ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది, డేటా సాయంత్రానికే అయిపోతోంది. బ్యాంకు పనులూ అందులోనే చేస్తారు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: విండోస్ అయితే రిసోర్స్ మానిటర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ చూడన్నా, ఏ ప్రోగ్రామ్ ఎంత పంపుతోందో తెలుస్తుంది.

జవాబు: అక్కడ బ్రౌజర్ పేరే కనిపిస్తుంది, లోపలి ఎక్స్‌టెన్షన్ కనిపించదు. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి, దాని సొంత టాస్క్ మేనేజర్‌లో ఒక్కో ఎక్స్‌టెన్షన్ విడిగా వస్తుంది. అన్ని సైట్లకూ అనుమతి ఇచ్చి ఉంటే, టైప్ చేసే పాస్‌వర్డ్‌ను కూడా అది చదవగలదు. వెంటనే తీసేసి, పాస్‌వర్డ్‌లన్నీ ఫోన్ నుంచి మార్చండి, ఈ ల్యాప్‌టాప్ నుంచి మాత్రం వద్దు.

జవాబు: టికెట్లకు టీటీడీ సైటే వాడమనండి, చిరునామా ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని ముగియాలి. ఖాతాలో డబ్బు పోయినట్టుంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అడిగినవారు: క్రోమ్ టాస్క్ మేనేజర్‌లో చూశాను, అన్నిటికంటే పైన ఆ ఎక్స్‌టెన్షనే ఉంది. తీసేశాను, పాస్‌వర్డ్‌లు మారుస్తున్నాం.