మూడు దేశాల పీజీ విద్యార్థులకు వీడియో పాఠంలో గుండె చప్పుళ్లు నేర్పడం ఎలా?

ప్రశ్న:
నమస్కారం. మూడు దేశాల్లోని జనరల్ మెడిసిన్ పీజీ విద్యార్థులకు వారానికొకసారి ప్రత్యక్ష వీడియో పాఠం చెబుతున్నాను. పోయిన వారం మైట్రల్ స్టెనోసిస్ (గుండెలోని మైట్రల్ కవాటం ఇరుకవడం) ఉన్న రోగి గుండె చప్పుడును, ఆయన అనుమతితో, డిజిటల్ స్టెతస్కోపు ద్వారా వినిపించినప్పుడు, నా గదిలో స్పష్టంగా వినబడిన మర్మర్ (గుండె చప్పుళ్ల మధ్య వినబడే అదనపు శబ్దం) అవతలివారికి చేరనే లేదు. పైగా "వినబడిందా?" అని అడిగితే అందరూ తలలూపారు. ఒక విద్యార్థిని మాత్రం తర్వాత విడిగా సందేశం పంపి, తనకేమీ వినబడలేదని చెప్పారు. లోపం నెట్‌వర్కుదా, నా పద్ధతిదా?

జవాబు 1:
డాక్టరుగారూ, నెట్‌వర్కును అనుమానించే ముందు సెట్టింగులు చూడండి. వీడియో కాల్ సాఫ్ట్‌వేరు మనిషి మాట కోసం తయారైనది కాబట్టి, మాట కాని మంద్రమైన శబ్దాన్ని ఫ్యాను హోరుగా లెక్కగట్టి తుడిచేస్తుంది. మైట్రల్ స్టెనోసిస్ మర్మర్ సరిగ్గా అలాంటి గురగురే. నాయిస్ సప్రెషన్ ఆపేయండి. అప్పుడు కూడా లాప్‌టాప్ స్పీకర్లు 100 హెర్ట్జ్ లోపు శబ్దాలను సరిగా పలికించలేవు గనుక, విద్యార్థులందరూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి. నేనైతే ఆడియో ఫైలును ముందే పంపి, పాఠం సమయంలో ఫోనోకార్డియోగ్రామ్ (గుండె శబ్దాల చిత్రం) గీతను తెర మీద చూపుతూ, ఎవరి దగ్గర వారే వినేలా చేస్తాను. ఎక్స్‌రేలనూ అలాగే విడిగా పంపడం మేలు; న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) అంచున ఉండే సన్నని గీత వీడియో కుదింపులో మాయమవుతుంది.

జవాబు 2:
నన్ను ఎక్కువ తిప్పలు పెట్టినవి కొలతలు. ఒక విద్యార్థి "పరగడుపు గ్లూకోజు 7" అనగానే మరో దేశపు విద్యార్థి దాన్ని మిల్లీగ్రాములనుకుని, హైపోగ్లైసీమియాకు (రక్తంలో చక్కెర పడిపోవడానికి) చికిత్స మొదలుపెట్టాలన్నాడు. లీటరుకు 7 మిల్లీమోల్స్ అంటే డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములని తేల్చేసరికి పది నిమిషాలు గడిచాయి. అడ్రినలిన్, ఎపినెఫ్రిన్ ఒకే మందని కూడా చెప్పాల్సి వచ్చింది. అప్పటినుంచి స్లైడు మీద రెండు కొలతలూ, రెండు పేర్లూ రాస్తున్నాను.

జవాబు 3:
తలలూపిన సంగతి నాకు శబ్దం కంటే ముఖ్యంగా తోచింది. గురువు అడిగినప్పుడు నలుగురిలో "వినబడలేదు" అనడానికి ఎవరూ ముందుకు రారు. "మర్మర్ ఎక్కడ మొదలైందో చాట్‌లో రాయండి" అంటే అసలు విషయం బయటపడుతుంది. న్యూమెక్సికో విశ్వవిద్యాలయంలో సంజీవ్ అరోరా 2003లో హెపటైటిస్ సి చికిత్స కోసం ఆరంభించిన ప్రాజెక్ట్ ఎకో అనే వీడియో శిక్షణ కార్యక్రమంలో నిపుణుల ఉపన్యాసం క్లుప్తంగా ఉంటుంది. దూరప్రాంతాల వైద్యులు తమ రోగుల కేసులను, పేర్లు చెప్పకుండా, వివరించడమే అక్కడ ప్రధానం. మీ విద్యార్థులకూ వంతులవారీగా కేసు అప్పగించి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న నాయిస్ సప్రెషన్ ఆపి, ఫైలు ముందే పంపి, జవాబు చాట్‌లో రాయమన్నాను. ఆరుగురిలో నలుగురు డయాస్టోల్ (గుండె సడలే దశ) అని సరిగా రాశారు, ఇద్దరు సిస్టోల్ (గుండె ముడుచుకునే దశ) అన్నారు. వచ్చే వారం అదే చప్పుడును ఈసీజీ గీతతో కలిపి వినిపిస్తాను.