కొత్త పార్కులా, ఉన్నవాటి బాగోగులా: పార్కుల విభాగం డబ్బు ముందు దేనికి పెట్టాలి? (ఒక చర్చ: ప్రతి మాటకూ పైన రాసినవారి మారుపేరు)

లెక్కపద్దు

స్థానిక ప్రభుత్వం బడ్జెట్ వేసే ప్రతిసారీ తలెత్తే ప్రశ్న ఇది. పార్కులు, ఆటస్థలాల విభాగానికి దక్కేది కొద్ది డబ్బు. దాంతో పార్కు లేని వార్డులో కొత్తది కట్టాలా, ఉన్నవాటిలో పాడైనవి బాగుచేసి మనుషుల్ని పెట్టి నడపాలా? నా మాట ఇది: ఉన్న పార్కుల నిర్వహణకు సరిపడా పద్దు ఏటా నిలబడేదాకా కొత్త పార్కుకు శంకుస్థాపన చెయ్యకూడదు.

చిక్కు డబ్బు వచ్చే దారిలోనే ఉంది. కొత్త పార్కును ఒక్కసారి వచ్చే గ్రాంటుతో కడతారు. తోటమాలి జీతం, నీళ్లు, కరెంటు, మరుగుదొడ్ల శుభ్రం మాత్రం ఏటేటా సొంత ఆదాయంలోంచి రావాలి. అందుకే పార్కుల సంఖ్య పెరుగుతూ పోతుంది, తోటమాలుల సంఖ్య ఉన్నచోటే ఉంటుంది. పది పార్కులకు సరిపోయే సిబ్బందిని పదిహేనింటికి సర్దితే చెడేది చివరి అయిదూ కాదు, మొత్తం పదిహేనూ.

ఆటపరికరాల ఆయుష్షు బాగా చూసుకుంటే సుమారు 15–20 ఏళ్లు. వాటి కింద జిగురు కలిపి పోసే రబ్బరు నేల అంతకంటే ముందే గట్టిపడి అంచుల్లో పగులుతుంది. ఏ వస్తువు ఏ ఏడు పెట్టారు, ఎప్పుడు మార్చాలి అన్న రిజిస్టరు లేని చోట ఆ గడువు ఎవరికీ తెలియకుండానే దాటిపోతుంది. తర్వాత ఓ రోజు అన్నీ కలిసి ఒకేసారి విరుగుతాయి, అప్పుడు మళ్లీ గ్రాంటు కోసం ఎదురుచూడాలి.

వార్డుపటం

లెక్కపద్దు గారూ, మీ లెక్కలో తప్పు లేదు. కానీ ఆ లెక్కలో పార్కు లేని వార్డు జనం ఎక్కడున్నారు? ఉన్న పార్కులో పచ్చిక ఎంత బాగున్నా, అక్కడికి నడిచి రాలేని ముసలివాళ్లకీ, రోడ్డు దాటలేని పిల్లలకీ అది లేనట్టే. పన్ను మాత్రం వాళ్లూ కడుతున్నారు.

పట్టణ అడవుల పరిశోధకుడు సెసిల్ కొనైనెన్‌డైక్ 2021లో 3–30–300 అనే సూత్రం చెప్పాడు. ఇంట్లోంచి చూస్తే కనీసం 3 చెట్లు కనబడాలి. పేటలో 30 శాతం మేర చెట్ల కొమ్మల కప్పు ఉండాలి. దగ్గరి పచ్చని చోటు 300 మీటర్లలోపు ఉండాలి. ఇంట్లో, పేటలో, పేట బయట అని మూడు అంచెల్లో అడుగుతుంది కాబట్టి ఊరి చివర ఒక్క పెద్ద పార్కు చూపించి సగటు సరిపోయిందనడానికి వీలుండదు.

ఇంకొకటి. నిర్వహణ రెండేళ్లు వెనకబడినా మళ్లీ అందుకోవచ్చు. ఖాళీ స్థలం ఒకసారి కట్టడాల పాలైతే మళ్లీ రాదు. స్థలం దొరికిన ఏడాదే తీసుకోవాలి.

గట్టునేల

అందుకోవచ్చు అన్న మాట పచ్చికకూ రంగులకూ చెల్లుతుంది. పిల్లల ఆటస్థలానికి చెల్లదు. అక్కడ వెనకబడటమంటే తల పగలడం, చెయ్యి విరగడం. కొంచెం వివరంగా చెబుతాను.

ఆటస్థలంలో ఎక్కువ గాయాలకు మూలం కింద పడటం. అందుకే అన్నిటికంటే ముందు నేల చూడాలి. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎమ్ ఎఫ్1292 గానీ, ఐరోపా ప్రమాణం ఈఎన్ 1177 గానీ అడిగేది ఒకటే: పరికరం మీది నుంచి పడినప్పుడు తలకు తగిలే అదురు ప్రాణాంతకమైన హద్దు దాటకుండా నేల దాన్ని మింగాలి. హెచ్‌ఐసీ అనే కొలత (తలకు దెబ్బ తగిలే ప్రమాదం లెక్క) 1000 దాటకూడదు, జీ-మ్యాక్స్ (పడిన క్షణంలో తగిలే అత్యధిక అదురు) 200 దాటకూడదు. సిమెంటు, తారు, గట్టిగా తొక్కుడుపడిన మట్టి ఈ పరీక్షలో నిలవవు. పచ్చిక ఉంది కదా అని ఊరుకోవడం కూడా పొరపాటే, ఉయ్యాల కింద పచ్చిక ఎక్కడా బతకదు.

చెక్క ముక్కలు 23 సెంటీమీటర్ల మందాన ఉంటే సుమారు 3 మీటర్ల ఎత్తు నుంచి పడినా కాపాడతాయని అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం చేతిపుస్తకం చెబుతుంది. అదే మందంలో ఇసుక కాపాడేది సుమారు 1.2 మీటర్ల వరకే. ఎత్తయిన జారుడుబల్ల కింద ఇసుక పోసి పని అయిందనుకునే చోట్ల జరిగే తప్పు ఇదే. పైగా పోసినదంతా అణిగిపోతుంది, కనీసం నాలుగో వంతు. 23 నిలవాలంటే 30 పొయ్యాలి. ఉయ్యాల కింద, జారుడుబల్ల చివర పిల్లల కాళ్లు తాకే చోట గుంట పడుతుంది, సరిగ్గా పడేది కూడా అక్కడే. పరికరం గుంజకు కావలసిన మట్టం దగ్గర ఒక గీత గీసి, గీత కనబడితే పార పట్టి లాగాలి. దీనికి టెండరు అక్కర్లేదు, ఒక మనిషి, ఒక పార చాలు. ఆ మనిషి జీతమే ఏటా ఉండే పద్దులోంచి రావాలి.

మిగతావి చూసుకుంటూ పోతే: ఉయ్యాల ముందూ వెనకా గొలుసు వేలాడే ఎత్తుకు రెండింతల దూరం ఖాళీగా ఉండాలి. 2.4 మీటర్ల ఎత్తు దూలమైతే ఇటు 4.8, అటు 4.8. మిగతా పరికరాల చుట్టూ 1.8 మీటర్లు. 9 నుంచి 23 సెంటీమీటర్ల మధ్య ఉన్న ఏ సందైనా ప్రమాదమే, ఒళ్లు దూరుతుంది, తల ఇరుక్కుంటుంది. ఒక కమ్మీ ఊడిపోయిన రెయిలింగు అలాంటి సందునే చేస్తుంది. గొలుసు ముందు అరిగేది పైకొస దగ్గర, కిందనుంచి చూస్తే కనబడదు, నిచ్చెన వేసి చూడాలి. కొక్కెం నోరు మిల్లీమీటరు మించి తెరుచుకుంటే బట్ట దారం చిక్కుతుంది. గుంజ పాతిన సిమెంటు దిమ్మ వాన కోతకు బయటపడితే దానికే తల తగులుతుంది.

లెక్కపద్దు

గట్టునేల గారు చెప్పినవాటికి తనిఖీ మూడు రకాలుగా ఉంటుందని చేర్చాలి. జనం ఎక్కువగా వచ్చే చోట రోజూ, మిగతా చోట్ల వారానికోసారి కంటిచూపు: గాజుపెంకులు, విరిగిన పలక, ఊడిన బోల్టు. నెల నుంచి మూడు నెలలకోసారి బిగింపులు, అరుగుదల. ఏడాదికోసారి పునాదులు, తుప్పు, నేల పట్టు. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1176 ఏడో భాగం చెప్పే వరస ఇదే. ప్రతి తనిఖీకి తేదీ, సంతకం ఉండాలి, దొరికిన లోపం ఎప్పుడు సరిచేశారో రాయాలి. విరిగిన ఉయ్యాలకు టేపు చుట్టి వదిలెయ్యకూడదు. టేపు పిల్లల్ని ఆపదు, బల్ల ఊడదీసి తీసుకుపోవాలి.

మైదానం_వేళలు

ముగ్గురూ కట్టడం గురించే మాట్లాడుతున్నారు. ఈ విభాగం పేరులో పార్కులతో పాటు ఆటలు, వినోదం కూడా ఉన్నాయి. మైదానం ఉంటే చాలదు, ఎవరికి ఏ వేళ దక్కుతోందో చూడాలి.

సాయంకాలం అయిదు నుంచి ఎనిమిది అందరూ అడిగే వేళ. ముందొచ్చినవారికి ముందు అన్న పద్ధతిలో ఇస్తే పెద్ద క్లబ్బులు ఏడాదంతటికీ ఒకేసారి పట్టేస్తాయి. పనిచేసే పద్ధతి వేరు: వేళల్లో కొంత వంతు పేట పిల్లలకు, ఆడపిల్లల జట్లకు, పెద్దవాళ్లకు ముందే తీసిపెట్టాలి. బుక్ చేసి రాకపోతే ధరావతు పోవాలి, రెండుసార్లు రాకపోతే ఆ వేళ వేరొకరికి పోవాలి. వారం ముందు ఖాళీ అయిన వేళను గేటు దగ్గర బోర్డు మీద కూడా రాయాలి. ఆన్‌లైన్లో మాత్రమే పెడితే ఫోను చేతిలో లేని పిల్లవాడికి చేరదు.

వియన్నా నగరం 1990లలో పార్కుల్లో ఎవరు ఆడుతున్నారో గమనిస్తే, తొమ్మిదేళ్లు దాటాక అక్కడ ఆడపిల్లలు బాగా తగ్గిపోతున్నారని తేలింది. చోటు ఒక్క పెద్ద మైదానంగా ఉంటే బలమున్నవాళ్లదే అవుతుంది. 1999లో అక్కడి అయిదో జిల్లాలో రెండు పార్కులను మార్చారు: బంతి ఆటల చోటును చిన్న భాగాలుగా విడగొట్టారు, వాలీబాల్, బ్యాడ్మింటన్‌కు చోటిచ్చారు, దారులు మెరుగుపరిచారు. ఆడపిల్లలు తిరిగి వచ్చారు. కొత్త స్థలం ఒక్క గజం కూడా కొనలేదు.

పచ్చిక మైదానానికీ ఓపిక హద్దు ఉంది. వారానికి 20–25 గంటలు దాటి ఆడిస్తే గోలు ముందర మట్టి తేలుతుంది. నేల అణిగితే వేళ్లకు గాలి ఆడదు, నీళ్లు ఇంకవు. బోలు ముళ్ల యంత్రంతో 7–10 సెంటీమీటర్ల లోతు కన్నాలు తీసి ఇసుక కప్పాలి, గోలు చట్రాల స్థానం అప్పుడప్పుడూ మార్చాలి, విత్తిన చోటును కంచె కట్టి వదలాలి. కోసేటప్పుడు ఆకు ఎత్తులో మూడో వంతు మించి తియ్యకూడదు. చివరగా, కదిలించే గోలు చట్రాన్ని నేలకు బిగించకుండా ఎప్పుడూ వదలకండి. పిల్లలు పట్టుకు వేలాడితే ముందుకు పడుతుంది, అలా పిల్లలు చనిపోయారు.

వార్డుపటం

మరి ప్లాస్టిక్ పచ్చిక వేసి గంటలు పెంచుకుందాం అనేవారు కూడా ఉంటారు కదా?

మైదానం_వేళలు

గంటలు పెరుగుతాయి, నిజమే. కానీ 8–10 ఏళ్లకు మొత్తం తీసి మార్చాలి, ఆ డబ్బు మొదటి రోజు నుంచీ పక్కన పెట్టుకోవాలి. ఎండలో అది సహజ పచ్చిక కంటే ఎంతో వేడెక్కుతుంది. అందులో నింపే రబ్బరు రవ్వ వానతో కాలవల్లోకి పోతుంది. ఐరోపా సమాఖ్య 2023లో ఆ రవ్వ అమ్మకాన్ని ఎనిమిదేళ్ల గడువిచ్చి నిషేధించింది. ఇప్పుడు వేసేవారు ఆ రవ్వ బదులు ఏం నింపుతారో టెండరులోనే తేల్చుకోవాలి.

చెట్టుమొదలు

కొత్త పార్కు అంటే వెయ్యి మొక్కలు నాటామని లెక్క చెప్పడం అలవాటు. నాటిన లెక్క వద్దు, మూడో ఏట బతికున్న లెక్క కావాలి. మొదటి రెండు మూడేళ్లు నీళ్లు పొయ్యకపోతే నాటినది దండగే. కాండం వెడల్పై వేళ్లుగా మారే చోటు మట్టి పైకి కనబడాలి, లోతుగా పాతితే చెట్టు నెమ్మదిగా చస్తుంది. మొదలు చుట్టూ ఆకుచెత్త పొర 5–10 సెంటీమీటర్లు చాలు, బెరడుకు తగలకూడదు. పార్కుల్లో లేత చెట్లను చంపేది పురుగు ఒక్కటే కాదు, గడ్డికోత యంత్రం తీగ కూడా. బెరడు చుట్టూ ఒక్కసారి కోస్తే పైకి పోయే నీళ్లు ఆగవు గానీ ఆకుల నుంచి వేళ్లకు దిగే ఆహారం ఆగిపోతుంది. మొదలు చుట్టూ మీటరు వెడల్పున గడ్డి లేకుండా ఉంచితే ఆ యంత్రం దగ్గరికి రావలసిన పనే ఉండదు.

ఒకే జాతి వరసలు వద్దు. ఫ్రాంక్ శాంటమోర్ 1990లో చెప్పిన కొలత: మొత్తం చెట్లలో ఒక జాతి 10 శాతం, ఒక ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) 20, ఒక కుటుంబం (దగ్గరి ప్రజాతుల గుంపు) 30 శాతం మించకూడదు. ఒక తెగులు వస్తే ఊరంతా ఒకేసారి బోడికాకుండా ఉండటానికి.

లెక్కపద్దు

వార్డుపటం గారూ, స్థలం విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. స్థలం తీసుకోవడం వేరు, పార్కు కట్టడం వేరు అని విడదీస్తే మన ఇద్దరికీ పేచీ ఉండదు. స్థలం ఇప్పుడే తీసుకోండి, హద్దు వెయ్యండి, చెట్లు నాటండి, నడిచే దారి ఒకటి వదలండి. ఉయ్యాలలు, మరుగుదొడ్లు, దీపాలు మాత్రం వాటిని చూసుకునే మనిషి పద్దు మంజూరైనాకే. కట్టే ఖర్చుతో పాటు పదేళ్ల నడిపే ఖర్చు కూడా అదే కాగితం మీద చూపించనిదే పాలకమండలి ముందుకు ఫైలు వెళ్లకూడదు.

వార్డుపటం

చాలావరకు సరే. ఒక్కచోట ఒప్పుకోను. మరుగుదొడ్డి తర్వాత అంటే ఆ పార్కు ఆడవాళ్లకూ చిన్నపిల్లల తల్లులకూ అరగంట పార్కే. అది కట్టేవేళే ఉండాలి, కాపలా మనిషితో సహా. తాళం వేసిన మరుగుదొడ్డి లేనిదానితో సమానం.

కొత్త పార్కు కట్టేముందు పటం మీద ఇంకొకటి చూడమంటాను. దూరాన్ని పార్కు హద్దు నుంచి గీత గీసి కొలుస్తారు. జనం నడిచేది గేటు దాకా. నాలుగు పక్కలా గోడ, ఒకే గేటు ఉన్న పార్కు వెనక వీధివాళ్లకు 100 మీటర్ల దూరంలో ఉన్నట్టు పటం చెబుతుంది, నడవవలసింది 700. రెండో గేటు పెట్టి, ఎదుట రోడ్డు దాటే చోటు గుర్తించి, చక్రాల కుర్చీ ఎక్కేలా 1:12 మించని వాలు వేస్తే, ఒక్క చెట్టు నాటకుండానే కొన్ని వందల ఇళ్లకు కొత్త పార్కు వచ్చినట్టే. ఈ పని నిర్వహణ పద్దులోకి వస్తుందా, కొత్త పనుల పద్దులోకి వస్తుందా అని తేలకే చాలాచోట్ల జరగదు.

గట్టునేల

గేటు మాట బాగుంది. నిర్వహణను దాతల సంఘాలకు అప్పగిద్దామని ఎవరైనా అంటారు కాబట్టి ముందే చెబుతున్నా. న్యూయార్క్ సెంట్రల్ పార్కును 1980లో ఏర్పడిన కన్సర్వెన్సీ అనే దాతల సంఘం బాగుచేసింది, నిజం. కానీ అక్కడి నుంచి నేర్చుకోవలసింది చందాల సంగతి కంటే పని పంచిన తీరు: పార్కును 49 భాగాలు చేసి ఒక్కో భాగానికి ఒక తోటమాలిని బాధ్యుణ్ని చేశారు. ఎక్కడ బల్ల విరిగినా ఎవరిని అడగాలో తెలుసు. దాతలు డబ్బున్న పేట పార్కుకే వస్తారు, తోటమాలికి పేరు రాసి చోటు అప్పగించడం ఏ పార్కుకైనా చెయ్యొచ్చు.

లెక్కపద్దు

గేటును ఏ పద్దులో రాయాలన్నదానికి నా జవాబు: నిర్వహణలోనే. ఉన్న ఆస్తిని వాడుకలోకి తెచ్చే పని అది. స్థలం కొనడం లేదు, కొత్త కట్టడం లేదు. విభాగం అధికారి సొంత సంతకంతో చెయ్యగల ఖర్చు పరిమితిలోనే చాలావరకు సరిపోతుంది. ఏడాది తనిఖీ పత్రంలో పునాదులు, తుప్పు, నేల అన్న గడుల పక్కన "దగ్గరి ఇంటి నుంచి గేటుకు నడక దూరం" అని ఇంకొక గడి చేర్చండి, మరుసటి బడ్జెట్‌కు ఆ అంకెలు మీ చేతిలో ఉంటాయి.