ఇంట్లోని వర్క్‌షాపుకు ఎలాంటి డ్రమ్ శాండర్ కొనాలి?

గ్యారేజీ వడ్రంగి, డల్లాస్:
అందరికీ నమస్కారం. రెండు కార్లు పట్టే గ్యారేజీలోంచి ఒక కారును ఎండలోకి వెళ్లగొట్టి, ఆ చోట పని పెట్టుకున్నవాణ్ణి. వాల్‌నట్, మేపుల్ ముక్కలు అతికించి కూరగాయలు తరిగే పలకలు చేస్తుంటాను. పోయిన వారం ముక్కల కొసలు పైకి వచ్చేలా అతికించిన ఒక పలకను చేతి శాండర్‌తో చదును చేయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. అయినా వేలితో తడిమితే మేపుల్ దగ్గర మిట్ట, వాల్‌నట్ దగ్గర పల్లం. ఇక డ్రమ్ శాండర్, అంటే గిరగిరా తిరిగే డ్రమ్ముకు ఉప్పు కాగితం చుట్టి కింద నుంచి పోయే చెక్కను రుద్దే యంత్రం, కొనక తప్పదనిపించింది. 16-32 రకమా, 19-38 రకమా తేల్చుకోలేకపోతున్నాను. నాకున్నది 120 వోల్టుల లైనే. ఇంట్లో ఒక్క యంత్రానికే అనుమతి దొరికింది. పొరపాటున పనికిరానిది కొంటే మళ్లీ అడిగే ముఖం ఉండదు.

చిత్రిక:
ముందు ఆ అంకెల సంగతి. డ్రమ్ము పొడవు 16 అంగుళాలు. యంత్రానికి ఆ డ్రమ్ము ఒక కొస వైపు తెరిచి ఉంటుంది కనుక, పలకను తిప్పి రెండోసారి పంపితే 32 అంగుళాల వెడల్పు వరకు రుద్దవచ్చని లెక్క. 19-38 కూడా అంతే. కానీ అలా తిప్పి పంపినప్పుడు డ్రమ్ము వెంట్రుకవాసి వంగి ఉన్నా పలక నడుమ గట్టు కట్టినట్టు గీత పడుతుంది. నా దగ్గర ఆరేళ్లుగా 16 అంగుళాలదే ఉంది. పలకను తిప్పి పంపే అవసరం నాలుగైదుసార్లకు మించి రాలేదు. మీ పలకల వెడల్పు 14 అంగుళాలు దాటకపోతే చిన్నదే చాలు. దానికి ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారు ఉంటుంది, 120 వోల్టులపైనే నడుస్తుంది.

ఇంకొక మాట. ఇది చిత్రిక పట్టే యంత్రం కాదు. ఒక విడతకు అంగుళంలో 64వ వంతు, అంటే 0.4 మిల్లీమీటర్లు తీస్తే గొప్ప. గట్టి చెక్క అయితే అందులో సగమే తీయండి. ఆశపడి డ్రమ్మును దించే పిడిని ఇంకాస్త తిప్పారా, చెక్క మాడి వాసన వస్తుంది.

దుమ్ము బాధితుడు, న్యూజెర్సీ:
డ్రమ్ శాండర్ ఏదైనా కొనండి, దుమ్ము లాగే యంత్రం లేకుండా మాత్రం దాని స్విచ్ వేయకండి. మామూలు వ్యాక్యూమ్ క్లీనర్ సరిపోదు. 4 అంగుళాల గొట్టం తగిలించే పెద్దది కావాలి. నేను మొదటి నెల ముక్కుకు గుడ్డ కట్టుకుని గడిపేశాను. గ్యారేజీలో ఆరేసిన చీరల మీద గోధుమరంగు పొర పేరుకుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క దుమ్మును క్యాన్సర్ కారకమని 1995లోనే తేల్చిందని ఆ తర్వాత తెలిసింది. చీరల గొడవ అక్కడితో చిన్నదైపోయింది.

పైగా శాండర్‌నూ దుమ్ము యంత్రాన్నీ ఒకే 20 ఆంపియర్ల లైను మీద పెడితే బ్రేకర్ పడిపోతుంది. మీ 120 వోల్టుల లైన్లు ఎన్నో ముందు చూసుకోండి.

టేకు మనిషి, రాజమహేంద్రవరం:
మా వైపు సంగతి వేరు. పని అంతా టేకుతోనే. టేకులో నూనె ఉంటుంది, డ్రమ్ము వేడికి అది ఉప్పు కాగితం మీద గట్టిగా అంటుకుపోతుంది. 180 నంబరు కాగితం (నంబరు పెరిగేకొద్దీ గరుకు సన్నబడుతుంది) పదిహేను నిమిషాల్లో నల్లగా నిగనిగలాడుతుంది. 80తో మొదలుపెట్టి 120 దగ్గర ఆగిపోతాను, మిగతాది చేత్తోనే. డ్రమ్ము తిరుగుతుండగా రబ్బరు కడ్డీని ఆనిస్తే కాగితం కొంత తేరుకుంటుంది. చెప్పుల అడుగున వేసే ముడతల రబ్బరు లాంటిది అది.

ఇండియాకు తిరిగి వచ్చే ఆలోచన ఉన్నవాళ్లు ఒకటి గమనించండి. మా బావగారు అమెరికా నుంచి సామానుతో పాటు తన శాండర్ కూడా తెచ్చుకున్నారు. 230 వోల్టులను 120కి దించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. వోల్టేజీ దిగింది, కానీ మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ మోటారు 60కి చేసినది. నిమిషానికి 1,725 చుట్లు తిరగాల్సింది 1,430 దగ్గర ఆగింది. పది నిమిషాలకే మోటారు మీద చెయ్యి పెట్టలేకపోయాం. ఇప్పుడు దాని మీద పూలకుండీ ఉంది.

ముతక చెక్క:
నన్ను తిట్టకండి గానీ, నెలకు రెండు పలకలు చేసేవారికి ఇంత యంత్రం ఎందుకు? పెద్ద వర్క్‌షాపుల్లో వెడల్పాటి బెల్టు శాండర్ ఉంటుంది, డబ్బిస్తే ఐదు నిమిషాల్లో పని చేసి ఇస్తారు. లేదంటే ఆ డబ్బుతో ముందు ప్లేనర్, అంటే కత్తులతో చిత్రిక పట్టే యంత్రం, కొనుక్కోవచ్చు.

చిత్రిక:
ముతక చెక్క గారూ, పలకలను పడుకోబెట్టి అతికించేవారికైతే మీ మాట నిజం. వీరివి కొసలు పైకి ఉండే పలకలు. వాటిని ప్లేనర్‌లోకి తోస్తే కత్తులు చెక్కను చీల్చేస్తాయి, ముక్కలు పేలినట్టు ఎగిరి మనిషి మీదికి వస్తాయి. వారికి కావలసింది డ్రమ్మే.

గ్యారేజీ వడ్రంగి, డల్లాస్:
అందరికీ ధన్యవాదాలు. మూడు వారాలైంది, 16-32 కొన్నాను. దుమ్ము యంత్రానికి ఇంకో లైను వేయించాను. ఆ ఖర్చు ఇంట్లో ఇంకా చెప్పలేదు.

మొదటి రోజే నా తప్పు ఒకటి బయటపడింది. అతుకుల దగ్గర పొంగి గట్టిపడిన జిగురును గీకకుండానే పలకను లోపలికి పంపాను. కాగితం మీద ఒక్కచోట అంగుళం వెడల్పున జిగురు పట్టేసింది. ఆ తర్వాత పంపిన నాలుగు పలకల మీదా సరిగ్గా అదే చోట కాలిన చార, చివరినుంచి చివరికి. ఇప్పుడు ఉలితో జిగురు మొత్తం గీకాకే పంపుతున్నాను. రెండు సాయంత్రాల పని నలభై నిమిషాల్లో అవుతోంది. పైన సన్నని గీతలు మిగులుతాయి, వాటికి చేతి శాండర్ మామూలే.

ఒక సందేహం. కాగితం చుట్టేటప్పుడు డ్రమ్ము లోపలి వైపు కొసలో బిగించే క్లిప్పు ఉంటుంది కదా, నా వేళ్లు అందులో దూరడం లేదు. మీరంతా ఎలా బిగిస్తున్నారు?

చిత్రిక:
సన్నమూతి పట్టకారు. ముందు ప్లగ్గు పీకండి.