మొదటి రిహార్సల్‌కే డైలాగులు నోటికి వచ్చేయాలా?

మూడో బెల్లు
మా నాటకానికి రిహార్సల్స్ మొదలై మూడు వారాలైంది. నాది అన్నయ్య పాత్ర. స్క్రిప్ట్ ఇచ్చేటప్పుడే డైరెక్టర్ గారు ఒక షరతు పెట్టారు. మొదటి రోజుకే పోర్షన్ మొత్తం నోటికి రావాలి, కాగితం పట్టుకుని ఎవరూ రాకూడదు. నేను బుద్ధిగా పది రోజులు గోడకేసి చూస్తూ బట్టీ పట్టాను.

రెండో అంకంలో చెల్లెల్ని నిలదీసే సీను ఉంది. "ఆ ఉత్తరం చదవలేదని నా కళ్ళలోకి చూసి చెప్పు" అనాలి. ఇంట్లో దాన్ని కోపంగా, "చూసి" దగ్గర గొంతు పెంచి సాధన చేశాను. తీరా రిహార్సల్‌లో చెల్లెలి వేషం వేస్తున్న ఆవిడ దానికి ముందొచ్చే తన మాటని అరవలేదు. దాదాపు నవ్వుతూ, నెమ్మదిగా అంది. ఆ నవ్వుకి నా కోపం అతకదని తెలుస్తూనే ఉంది. అయినా నోరు ఆగితే కదా! ఇంట్లో ఎలా అరిచానో అలాగే అరిచాను. "చూసి" దగ్గర గొంతు కూడా లేచింది. అప్పటినుంచి ఎన్నిసార్లు చేసినా ఆ రాగం పోవట్లేదు.

మాటలు ముందే కంఠతా పట్టి వెళ్ళాలా, లేక నడక, చూపు, ఎదుటివాళ్ళ మాటతో పాటు రిహార్సల్‌లోనే పట్టుబడాలా? నా మటుకు రెండోదే సరైనదనిపిస్తోంది.

డైరెక్టర్ కుర్చీ
తప్పు బట్టీది కాదండి, మీరు పట్టిన తీరుది. మాటలు పట్టమంటే రాగం కూడా పట్టేశారు. ఎక్కాలు అప్పజెప్పినట్టు చప్పగా పట్టాలి. అప్పుడు ఎటు వంచితే అటు వంగుతాయి.

ఇటువైపు కష్టం కూడా వినండి. ఈమధ్య నేను చేయించిన నాటకంలో ఒకాయన నాలుగో వారం దాకా కాగితం వదల్లేదు. సీనులో ఆయన తలుపు గొళ్ళెం తీసి, పెట్టె అందుకుని, ఎదుటి అమ్మాయి భుజం మీద చెయ్యి వేయాలి. ఒక చేతిలో స్క్రిప్ట్, కళ్ళేమో కాగితంలో. పాపం ఆ అమ్మాయి పెట్టె పట్టుకుని ఎంతసేపని నిలబడుతుంది? ఆయన వెతుక్కోవడానికే ఆమె రిహార్సల్ అంతా ఖర్చయిపోయింది. ఇంగ్లీషు నటుడు, దర్శకుడు నోయెల్ కవర్డ్ అంతటివాడు మొదటి రోజుకే అక్షరం పొల్లుపోకుండా రావాలని పట్టుబట్టేవాడంటే ఊరికే కాదు.

వింగ్ పక్కన
కవర్డ్ పేరెత్తారు కాబట్టి చెప్తాను. 1964లో లండన్ నేషనల్ థియేటర్‌లో ఆయన తన పాత నాటకాన్ని తనే డైరెక్ట్ చేశాడు. ముఖ్యపాత్ర వేసిన ఈడిత్ ఎవాన్స్‌కి అప్పటికి 76 ఏళ్ళు. మాటలు గుర్తుండక నానా అవస్థ పడింది. ఒక వాక్యంలో లేని "చాలా" అనే మాటని ఆవిడ మళ్ళీ మళ్ళీ కలపడం, ఆయన దిద్దడం ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. అయినా కవర్డ్ రచయిత కూడా. తన వాక్యంలో కామా కదిలినా ఒప్పుకోని రచయిత పెట్టిన రూలు అది. నటుడి మేలు కోరి పెట్టింది కాదని నా అనుమానం.

అదే రష్యన్ దర్శకుడు స్టానిస్లావ్‌స్కీని చూడండి. నటుల్ని బల్ల చుట్టూ కూర్చోబెట్టి పాత్రని విడదీయించే పద్ధతికి పేరుపడ్డ మనిషి. 1930లలో, చివరి రోజులకొచ్చేసరికి, ముందు లేచి ఆ పరిస్థితిలో ఏం చేస్తారో చెయ్యమని, రచయిత మాటలు తర్వాత, అప్పటిదాకా సొంత మాటలు చాలని చెప్పేదాకా వచ్చాడు.

డైరెక్టర్ కుర్చీ
ఆయనకి నెలలకొద్దీ టైముందండి. నాకు ఆరు వారాలు, అదీ అందరూ వచ్చిన రోజు పండగే.

చీకట్లో ప్రాంప్టర్
టైము సంగతే అయితే షేక్‌స్పియర్ కాలపు నటులకి మీకున్నంత కూడా లేదు. 1590లలో లండన్ కంపెనీలు దాదాపు రోజుకో నాటకం మార్చేవి. నటుడికి మొత్తం నాటకం ఇచ్చేవారు కాదు. తన మాటలు, ప్రతి మాటకీ ముందు ఎదుటివాడి వాక్యం చివర్న రెండు మూడు పదాలు, అంతే. ఆ కాలపు నటుడు ఎడ్వర్డ్ ఆలిన్ వాడిన అలాంటి ఒక ప్రతి లండన్‌లోని డల్విచ్ కాలేజీలో ఇప్పటికీ భద్రంగా ఉంది. కాగితాలు అతికించి చుట్టగా చుట్టింది. ఇంగ్లీషులో పాత్రని "రోల్" అంటారే, ఆ మాట చుట్టలోంచే వచ్చింది.

అందరూ కలిసి చేసే రిహార్సల్ బహు తక్కువ. కాబట్టి ఒంటరిగా బట్టీ పట్టాల్సిందే. కానీ ఆ రెండు పదాలు ఎవరి నోట, ఎప్పుడు వస్తాయో తెలీదు. చెవులు రిక్కించి వినకపోతే వేదిక మీద నీళ్ళు నమలాల్సిందే. అంచేత బట్టీకీ వినడానికీ పడదన్న మూడో బెల్లు గారి మాట నేను ఒప్పుకోను.

కొత్త వేషం
దీనిమీద పరిశోధన కూడా జరిగింది. హెల్గా నోయిస్ మనస్తత్వ శాస్త్రవేత్త, టోనీ నోయిస్ నటుడు, దర్శకుడు. ఇద్దరూ కలిసి నటుల జ్ఞాపకాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించారు. అనుభవమున్న నటులు మాటల్ని వరసగా వల్లె వేయరట. ఈ మనిషి ఈ మాట ఎందుకంటున్నాడు, ఎదుటివాళ్ళ నుంచి ఏం రాబట్టాలనుకుంటున్నాడు అని తవ్వుతూ పోతారట. ప్రదర్శనలు ముగిసిన కొన్ని నెలల తర్వాత అడిగితే, కదులుతూ చెప్పిన డైలాగులు నిలబడి చెప్పినవాటికన్నా బాగా గుర్తున్నాయని కూడా తేల్చారు. గోడ ముందు పది రోజులంటే ఎదుట మనిషీ లేడు, కదలికా లేదు. ఏం గుర్తుంటుంది, గొంతే గుర్తుంటుంది.

మూడో బెల్లు
నిన్న రెండూ చేసి చూశాను. డైరెక్టర్ కుర్చీ గారు చెప్పినట్టు ఆ పేజీ మొత్తం ఎక్కాల్లా రెండుసార్లు గబగబా చదివాను. తర్వాత రిహార్సల్‌లో మా డైరెక్టర్ గారి అనుమతితో, ఆ మాట అనేటప్పుడు కుర్చీలు సర్దుతూ ఆవిడ వైపు నడిచాను. ఆవిడ ఎప్పటిలాగే నవ్వింది. ఈసారి "చూసి" దగ్గర గొంతు లేవలేదు, దాదాపు బతిమాలుతున్నట్టు వచ్చింది. డైరెక్టర్ గారు తలెత్తి చూశారు కూడా. ఆ వెంటనే తర్వాత డైలాగు మర్చిపోయాను.

డైరెక్టర్ కుర్చీ
చూశారా! నేను మొత్తుకునేది అదే. అక్కడ కాగితం లేదు కాబట్టి సరిపోయింది, ఉంటే ఆవిడని వదిలేసి కాగితంలోకి చూసేవారు. మాటలు గట్టిగా పట్టుండబట్టే మిగతా సీను లాక్కొచ్చారు.

వింగ్ పక్కన
గట్టిగా పట్టుండబట్టే మూడు వారాలు ఒకే రాగం తీశారు. అది కూడా లెక్క వేయండి సార్.

చీకట్లో ప్రాంప్టర్
మీ వాదన కానివ్వండి. మూడో బెల్లు గారూ, మర్చిపోయిన డైలాగు ఏదో మీ ప్రాంప్టర్ ప్రతిలో పెన్సిల్‌తో గుర్తు పెట్టించండి. రిహార్సల్‌లో ఒకసారి జారిన చోట ప్రదర్శన రోజు కూడా జారడం నేను చాలాసార్లు చూశాను. మొదటి అక్షరం అందిస్తే చాలు, మిగతాది మీ నోరే చూసుకుంటుంది.