సమస్యాపూరణం: సున్న వేసినయ్య చుట్టమయ్యె

నిర్వాహకుడు:
కవిమిత్రులకు నమస్సులు. సెప్టెంబరు 5 వస్తోంది కనుక ఈ వారం సమస్య హైస్కూలు మాస్టార్ల మీద. ఛందస్సు ఆటవెలది. ఇచ్చినది నాలుగో పాదం, మిగతా మూడూ మీరు పూరించాలి:

*సున్న వేసినయ్య చుట్టమయ్యె*

సున్న / వేసి / నయ్య / చుట్ట / మయ్యె: అయిదూ సూర్యగణాలే (గణమంటే అక్షరాల గుంపు), అన్నీ గలములే, అంటే ఒక గురువు (U, బరువుగా పలికే అక్షరం), ఒక లఘువు (I, తేలికగా పలికేది). యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొందిక) సు-చు. చ, జ, శ, ష, స లకు మైత్రి ఉంది కదా. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాల తర్వాత రెండు ఇంద్రగణాలు (కాస్త పెద్ద గణాలు). 2వ పాదం నాలుగో పాదం లాగే.

ఒక్క విన్నపం. 'జ్ఞానదాత', 'కరుణామూర్తి' వంటి మాటలతో పద్యం నింపకండి. అవి ఏ గురువుకైనా అతుకుతాయి. మాస్టారు తరగతిలో చేసే పని ఒకటి పద్యంలో కంటికి కనబడాలి. కృతజ్ఞత అక్కడే ఉంటుంది. సున్న అంటే మార్కులే కానక్కరలేదు, వెతకండి.

తెనాలి సభ్యురాలు:

పండు పడుగ మారి పలుకు చెడినవేళ
ఎఱ్ఱ కలముతోడ నింపుగాను
అర్థ మొసఁగి మాట కందముఁ జేకూర్చి
సున్న వేసినయ్య చుట్టమయ్యె

నిర్వాహకుడు:
అమ్మా, చాలా మంచి ఊహ! నిండుసున్నను (ం) పట్టుకున్నారు. 'పండు'లో సున్న జారితే 'పడు' అవుతుంది, తినేది పోయి కింద పడేది మిగులుతుంది. తెలుగు మాస్టారు కాపీలు దిద్దేటప్పుడు ఎక్కువగా చేసే పని ఇదే. 'మాటకు + అందము' దగ్గర స్వరయతి (అచ్చుల పొందిక) చక్కగా కుదిరింది. అయితే 'ఇంపుగాను' గణం కోసం వచ్చిన మాట, తీసేసినా అర్థం ఏమీ తగ్గదు. అక్కడ పని చేసే మాట పెట్టండి.

తెనాలి సభ్యురాలు:
ధన్యవాదాలండీ. రెండో పాదం సవరణ: *ఎఱ్ఱ కలముతోడ నెడము చూచి.*

నిర్వాహకుడు:
ఇప్పుడు పద్యం నిలబడింది. రెండక్షరాల మధ్య ఖాళీ చూసి అక్కడ సున్న దూర్చే చెయ్యి కనబడుతోంది.

కరీంనగర్ సభ్యుడు:

ఒకటి కుడిని సున్న యుంచఁగఁ బదియయ్యె
రెండు సున్న లుంచ నిండె నూఱు
స్థాన మెఱిఁగి నిలువ శక్తి హెచ్చు నటంచు
సున్న వేసినయ్య చుట్టమయ్యె

హోసూరు సభ్యుడు:
రెండో పాదంలో రె-ని లకు యతి ఎలా కుదిరిందండీ?

నిర్వాహకుడు:
అది ప్రాసయతి. రెండు-నిండె: యతిస్థానాల్లో రెండో అక్షరాలు కలిశాయి, రెండింటికీ ముందు సున్న ఉంది, మొదటి అక్షరాలు రెండూ గురువులే. ఆటవెలది, తేటగీతి, సీసాల్లో ఇది చెల్లుతుంది. 'రెండు'కు 'నిడివి' వేస్తే మాత్రం కుదరదు, అక్కడ సున్న లేదు.

భావంలో 'కుడిని' అన్న మాట ప్రాణం. 1కి ఎడమన ఎన్ని సున్నలు పెట్టినా 1గానే ఉంటుంది. ఆ మాట లేకుండా 'ఒకటి ప్రక్క' అని ఉంటే లెక్కల మాస్టారే కొట్టేసేవారు.

హోసూరు సభ్యుడు:
నేను మార్కుల సున్ననే తీసుకున్నాను.

మెట్టు మెట్టు వదలి గుట్టెక్కఁ జూడంగ
తప్పును చూపించి తరగతిగది
గంట కొట్టినాకఁ గదలక నేర్పించి
సున్న వేసినయ్య చుట్టమయ్యె

నిర్వాహకుడు:
మొదటి పాదం ఎంతో బాగుంది. లెక్కలో మెట్లు దాటేసి జవాబు మాత్రం వేసే పిల్లవాణ్ణి గుట్టెక్కించారు. రెండో పాదంలో గణదోషం: తప్పు (UI) సరే, తర్వాత వచ్చిన 'నుచూ' IU. సూర్యగణమంటే UI గాని III గాని. కొత్తగా రాసేవారు ఎక్కువగా జారేది ఇక్కడే. నామవాచకానికి 'ను' తగిలించగానే ఒక లఘువు పెరిగి తర్వాతి గణాలన్నీ పక్కకు జరిగిపోతాయి. 'ను' బదులు అరసున్న (ఁ) వాడండి: *తప్పుఁ దెలియఁజేసి తరగతిగది.*

'కొట్టినాక' వాడుక మాట, పద్యంలో మిగతాదంతా గ్రాంథికం. *గంట కొట్టినంతఁ గదలక నేర్పించి* అంటే సరిపోతుంది. 'తరగతిగది గంట' అని రెండు పాదాల మీదుగా మాట నడవడం నాకు నచ్చింది. సున్న వేయడం ఎవరైనా చేస్తారు. గంట కొట్టాక కూడా కుర్చీ వదలకపోవడం వల్లనే ఆయన చుట్టమయ్యారు.

అనంతపురం సభ్యుడు:

సుద్దముక్క కొనకు సూత్రమ్ముఁ గట్టుచు
నడుమఁ జుక్క నిలిపి నల్లబల్లఁ
వ్యాసమునకుఁ బరిధి బంధమ్ముఁ జూపుచు
సున్న వేసినయ్య చుట్టమయ్యె

కరీంనగర్ సభ్యుడు:
వృత్తమే సున్న! బాగుందండీ. కాని బోర్డు మీద దారంతో వృత్తం గీసేటప్పుడు నిలవాల్సింది చుక్క కాదు, దారం కొస. దాన్ని బొటనవేలితో కేంద్రం మీద గట్టిగా అదిమిపట్టాలి. 30 సెంటీమీటర్ల దారం తిప్పుతుండగా సడలిందంటే వ్యాసార్ధం తగ్గుతుంది, గీత మొదలైన చోటుకు వచ్చి కలవదు. అందుకే మాస్టార్లు సుద్దను బయటికి లాగుతూ తిప్పుతారు. *నడుమ బొటన నొక్కి నల్లబల్లఁ* అంటే ఎలా ఉంటుంది?

అనంతపురం సభ్యుడు:
తప్పకుండా, అలాగే మార్చుకుంటాను. వ్యా-బ యతి సరేనా?

నిర్వాహకుడు:
వ-బ లకు అభేదయతి (రెండింటినీ ఒకటిగా ఎంచడం) ఉంది, చెల్లుతుంది.

బరంపురం సభ్యురాలు:
నిర్వాహకులకు ఒక మనవి. బళ్లలో టీచరమ్మలు ఎంతోమంది ఉన్నారు. 'అయ్య'ను 'అమ్మ' చేస్తే గణం, యతి రెండూ చెడవు. అనుమతిస్తారా?

ఉల్లిపొర కణమ్ము నొకటిఁ జూపించుచు
పుటము మీఁదఁ దాను బొమ్మ గీసి
నడుమఁ గేంద్రకముగ నల్లని కలమున
సున్న వేసినమ్మ చుట్టమయ్యె

నిర్వాహకుడు:
సమస్యను మార్చకూడదన్నది నియమం. కాని ఇది న్యాయమైన మార్పు, స్వీకరిస్తున్నాను. ఇకపై ఈ సమస్యకు రెండు రూపాలూ చెల్లుతాయి.

తెనాలి సభ్యురాలు:
పద్యం హాయిగా ఉంది. ఒక్కటే చిక్కు: ఉల్లిపొర కణంలో కేంద్రకం నడుమ ఉండదు. మధ్యలో పెద్ద రిక్తిక (ద్రవం నిండిన సంచి) ఉండి దాన్ని అంచుకు నెట్టేస్తుంది. నడుమ కనబడేది బుగ్గ కణంలో. పరీక్షలో ఉల్లిపొర బొమ్మకు నడుమ సున్న పెడితే జీవశాస్త్రం టీచరు ఒప్పుకోరు.

బరంపురం సభ్యురాలు:
నిజమే, అక్కా. మూడో పాదం మార్చాను:

ఉల్లిపొర కణమ్ము నొకటిఁ జూపించుచు
పుటము మీఁదఁ దాను బొమ్మ గీసి
అంచుఁ జేరినట్టి యా కేంద్రకమ్ముగా
సున్న వేసినమ్మ చుట్టమయ్యె

నిర్వాహకుడు:
అం-ఆ యతి సరిపోయింది, 'నల్లని కలమున' అన్న పూరకం కూడా పోయింది. పూరణలు శనివారం రాత్రి దాకా పంపవచ్చు. సాంఘికశాస్త్రం, హిందీ మాస్టార్ల మీద ఇంకా ఒక్కటీ రాలేదు.