అప్‌డేట్: స్కూల్ తోటలో పిల్లల ఆర్ట్ క్లాసు ఎలా జరిగిందంటే

స్థానిక మొక్కలతో పెంచిన మా స్కూల్ తోటలో ఆర్ట్ క్లాసు పెడితే పిల్లలు పూలన్నీ తెంపేస్తారేమో, ఏం చేయాలి అని ఇంతకుముందు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"రాలినవే ఏరాలి, కొమ్మ మీదున్నవి చూసి గీయాలి" అన్న నియమం బాగా పనిచేసింది. ఆకు అచ్చులైతే సూపర్ హిట్. ఆకుని వెనక్కి తిప్పి, ఈనెలు పైకి ఉండేలా పెట్టి, పైన పల్చటి కాగితం వేసి క్రేయాన్‌ని అడ్డంగా పడుకోబెట్టి రుద్దాలి. మొనతో రుద్దితే కాగితం చిరుగుతుంది.

ఒక పాప తెచ్చిన ఆకు అంచున కత్తెరతో తీసినట్టు గుండ్రటి కోతలున్నాయి. పురుగు పట్టిందని పారేయబోతుంటే ఆపాను. అది ఆకులు కత్తిరించే తేనెటీగ పనిలా ఉంది. ఆ ముక్కలతో అది గూట్లో పిల్లలకి అరలు కట్టుకుంటుంది. అంతే, ఇక అందరికీ కోతలున్న ఆకులే కావాలి! మచ్చలేని ఆకుల వైపు ఎవరూ చూడలేదు.

సయనోటైప్ కూడా చేశాం. ఎండతో కాగితం మీద నీలం బొమ్మలు అచ్చువేసే ఈ పద్ధతిని 1842లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనిపెట్టాడు. రసాయనం పూసిన కాగితం మీద ఆకు పెట్టి ఎండలో ఉంచి కడిగితే, ఎండ తగిలిన చోట నీలంగా, ఆకు ఉన్నచోట తెల్లగా వస్తుంది. గాలికి ఆకులు కదిలి కొన్ని మసకబారాయి. పైన గాజు పలక పెట్టాక కుదిరింది.

నేల మీద ఆకులతో పేర్చిన బొమ్మల్ని ఫొటో తీసి, ఆకుల్ని మళ్లీ మొక్కల మొదట్లోనే వేస్తున్నాం. అన్నీ ఏరేస్తే నేల త్వరగా ఎండిపోతుంది కదా.